దారిలో పోయిన రెండు వోల్టులు

ఈ చివర బయల్దేరితే గంటలో ఆ చివర తేలే దేశంలో మనకి మోటార్‌హోమ్ దేనికండీ, అని మా ఆవిడ అప్పుడే అడిగింది. ఆ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. బహ్రెయిన్ వదిలి సొంతూరు వెళ్ళిపోతున్న ఓ ఇంగ్లీషు పెద్దాయన అమ్మకానికి పెట్టాడు, నేను కొన్నాను. 1991 నాటి బండి. లోపల మడత మంచం, చెంబు పట్టేంత సింకు, బుల్లి ఫ్రిజ్జు. అద్లియాలో, అందునా హోటళ్ళన్నీ ఉన్న 338 బ్లాకు పక్క సందులో, దాన్ని నిలపడానికి చోటు వెతకడం ఓ పెద్ద ఉద్యోగం. ఆ గొడవ ఇంకోసారి.

చలికాలంలో ఇక్కడివాళ్ళు సఖీర్ ఎడారిలో గుడారాలు వేసుకుంటారు. మేమూ ఓ గురువారం రాత్రి పిల్లల్తో వెళ్ళాం. తెల్లారేసరికి ఫ్రిజ్జు చల్లబడటం మానేసింది, పెసరట్ల పిండి పులిసింది, తాళం తిప్పితే 'టక్' అని ఊరుకుంది బండి. పక్క గుడారం వాళ్ళు పాపం జంపర్ కేబుళ్ళు తెచ్చి స్టార్ట్ చేసి, గావా ఇచ్చి మరీ పంపించారు.

బ్యాటరీ మార్పించాను. "ఈ ఎండలకి రెండేళ్ళొస్తే గొప్ప" అన్నాడు కొట్టువాడు. కొత్తది మూడు వారాలకే చతికిలబడింది.

అప్పుడు వెళ్ళాను సల్మాబాద్‌కి. గ్యారేజీలన్నీ అక్కడే. ఎలక్ట్రికల్ పని చేసే కుర్రాడిది జగిత్యాల దగ్గర పల్లెటూరు. తెలుగు వినగానే మొహం విప్పారింది. బానెట్ ఎత్తి చూసి, "సార్, సెల్ఫ్ మంచిగనే తిరుగుతున్నది. డైనమో జోలికి పోకముందు వైరింగ్ చూద్దాం. వెనక బ్యాటరీ కోసమని ఎవరో ఏందేందో అతుకులేసిండ్రు" అన్నాడు. నాకు మధ్యాహ్నం మీటింగుంది. "అవన్నీ తరవాత చూద్దాంలే తమ్ముడూ, ముందు ఆల్టర్నేటర్ మార్చెయ్" అన్నాను. రీకండిషన్ చేసింది వేశాడు, 35 దినార్లు. పది రోజులకి మళ్ళీ అదే 'టక్'.

ఆ సాయంత్రం నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. గ్యారేజీ ముదీర్‌కి (గల్ఫులో మేనేజర్ని అంతా అలాగే అంటారు) ఫోన్ చేసి, మీ కుర్రాడు పనికిరాని సరుకు అంటగట్టాడని కేకలేశాను. ఆయన మారుమాట్లాడకుండా నా 35 దినార్లు తిరిగిచ్చేశాడు. అవి ఎవరి జేబులోంచి వచ్చాయో నేను అడగలేదు.

డబ్బు తిరిగొచ్చింది కానీ రోగం అలాగే ఉంది. ఓ శుక్రవారం పొద్దున్నే మల్టీమీటరు పట్టుకుని సందులోకి దిగాను. కొలవకుండా ఏదీ మార్చొద్దని క్లయింట్లకి చెప్పి ఫీజు తీసుకునేవాణ్ణి, ఆపాటికి రెండు వస్తువులు మార్పించి ఉన్నాను.

ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ ఇంజను ఆపి ఉంచినప్పుడు 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంజను తిరుగుతుంటే 14 పైచిలుకు చూపించాలి. హెడ్‌లైట్లు, బ్లోయరు, ఫ్రిజ్జు అన్నీ వేసి చూస్తే బ్యాటరీ దగ్గర 12.4. అంటే చార్జింగ్ లేనట్టే. నా అనుమానమే నిజమైందని లోపల కాస్త సంబరం కూడా. మీటరు ఎర్రతీగని ఆల్టర్నేటర్ వెనక బోల్టుకీ, నల్లతీగని దాని ఒంటికీ తగిలించాను. 14.4!

కుర్రాడు వేసిన ఆల్టర్నేటర్ నిక్షేపంగా ఉంది. అది తన గుమ్మంలోనే వోల్టేజి చూసుకునే రకం. గుమ్మంలో 14.4 ఉంది కనక తన పని అయిపోయిందనుకుంటుంది, డ్యాష్‌బోర్డు మీద ఎర్రలైటూ వెలగదు. 'నా మెషీన్లో బాగానే పనిచేస్తోంది' అనే ప్రోగ్రామర్లాగా అన్నమాట. మరి ఆ రెండు వోల్టులూ ఎటు పోయినట్టు? ఇంజను నడుస్తుండగానే బ్యాటరీ నెగటివ్‌కీ ఆల్టర్నేటర్ ఒంటికీ మధ్య కొలిస్తే 0.1. ఈ దారి మంచిదే. ఆల్టర్నేటర్ బోల్టుకీ బ్యాటరీ పాజిటివ్‌కీ మధ్య కొలిస్తే 1.9. దొంగ ఆ తీగలోనే ఉన్నాడు.

వేలితో తడుముకుంటూ వెళ్తే ఓ చోట చురుక్కుమంది. ఇంజను ఆపి, బ్యాటరీ నెగటివ్ ఊడదీసి, నల్లటేపు విప్పాను. వెనక బ్యాటరీకి లైను లాగడానికి ఎప్పుడో ఎవరో వేసిన అతుకు. సముద్రపు తేమకి రాగి పచ్చబడి పొడిపొడిగా రాలుతోంది. 30 ఆంపియర్లనుకున్నా దాదాపు 57 వాట్లు ఆ అతుకులోనే కాలుతున్నాయి. సెల్ఫ్‌కి కరెంటు వేరే లావు కేబుల్లో వెళ్తుంది కనక దానికి ఏ ఇబ్బందీ లేదు. సెల్ఫ్ మంచిగనే తిరుగుతున్నదని ఆ కుర్రాడన్నది ఇదే.

మర్నాడు ఆ అతుకు ముక్కని ప్లాస్టిక్ సంచీలో వేసుకుని సల్మాబాద్ వెళ్ళాను. నన్ను చూడగానే అతను తల దించుకుని స్పానర్లు సర్దుకోవడం మొదలెట్టాడు. 35 దినార్లూ అతని జీతంలోనే కోశారట, పక్కవాడు చెప్పాడు. డబ్బు తీసి ఇవ్వబోయాను. తీసుకోలేదు.

"మీరిచ్చుడెందుకు సార్. పైసలు పోతే మల్ల వస్తయ్. పని రాదన్న మాట పడ్డ. ముదీర్‌కి చెప్పుండ్రి."

ఇద్దరం లోపలికి వెళ్ళాం. నేను సంచీ బల్ల మీద పెట్టి, అంకెలన్నీ చెప్పి, తప్పు నాదని రెండు భాషల్లో చెప్పాను. 35 దినార్లూ ఆయన ముందే పెట్టాను. ముదీర్ అతుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు, కుర్రాణ్ణి చూశాడు, డ్రాయరు లాగి జీతాల పుస్తకంలో ఓ గీత కొట్టి డబ్బు అతనివైపు జరిపాడు. క్షమించమని మాత్రం ఆయనా అనలేదు.

సాయంత్రం దాకా కొత్త కేబుల్ లాగి, లగ్గులు క్రింప్ చేసి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాడు. నేను టార్చి పట్టుకున్నాను. అన్ని లైట్లూ వేసి కొలిస్తే బ్యాటరీ దగ్గర 14.2.

"బిల్లు మీద రాయించుండ్రి సార్," అన్నాడు మీటరు తీగలు చుడుతూ, "డైనమో మంచిగున్నది అని."

రాయించాను.