గాయం నేర్పిన ఆట

ఆంధ్రప్రదేశ్ దక్షిణపు అంచున, పులికాట్ సరస్సు చేరువన ఉన్న ఊరు తడ. ఇటువంటి ఊరి కళాశాల మైదానంలో సాయంకాలం బాస్కెట్‌బాల్ ఆడుతున్నప్పుడు, గీతకు అవతల మోకాలికి కట్టుతో కూర్చున్న విద్యార్థి ఒకడు కనిపించవచ్చు. ఆటను అందరూ చూస్తారు. అతని ముఖాన్ని చూసేవారు అరుదు. మేటి ఆటగాడు గాయపడితే దెబ్బ అతని కాలికే కాదు, జట్టు ధైర్యానికీ తగులుతుంది. అతడు ఎప్పుడు వస్తాడన్న ప్రశ్న అందరినీ వేధిస్తుంది. ఎలా వస్తాడన్నది అంతకంటె పెద్ద ప్రశ్న. దీనికి తెలుగునేల మీదనే ఒక సమాధానం ఉంది.

నాటి ప్రకాశం జిల్లా నాగండ్లలో 1973లో జన్మించిన పుల్లెల గోపీచంద్ హైదరాబాదులో చదువుకుంటూ బ్యాడ్మింటన్ నేర్చుకున్నారు. కళాశాల విద్యార్థిగా ఉన్నప్పుడే, 1990, 1991 సంవత్సరాలలో భారత విశ్వవిద్యాలయాల సంయుక్త జట్టుకు నాయకత్వం వహించారు. 1994లో పుణేలో జరిగిన జాతీయ క్రీడలలో జంటల పోటీ ఆడుతుండగా ఆయన మోకాలు తీవ్రంగా దెబ్బతిన్నది. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఒక్క ఏళ్ళు నిండలేదు.

బాస్కెట్‌బాల్ అయినా, బ్యాడ్మింటన్ అయినా ఆటగాని భారమంతా మోకాలిపైనే పడుతుంది. ఎగరడం, దిగడం, పరుగు మధ్యలో ఒక్కసారిగా మళ్ళడం ఈ ఆటలకు ప్రాణం. తొడ ఎముకను, కాలి ఎముకను కలిపి పట్టి ఉంచే లిగమెంటు తెగితే ఆ కదలికలన్నీ నిలిచిపోతాయి. శస్త్రచికిత్స కీలును సరిచేస్తుంది. కానీ కండరానికి బలాన్ని, మనసుకు నమ్మకాన్ని నెలల తరబడి చేసే వ్యాయామమే తిరిగి ఇవ్వాలి. తొందరపడి బరిలోకి దిగితే పాత గాయం తిరగబెడుతుంది. అందువల్ల గాయపడిన ఆటగానికి ఓర్పు కూడా ఒక ఆటే. ఆ ఆటకు చప్పట్లు ఉండవు.

గోపీచంద్ ఒకటికి మించిన శస్త్రచికిత్సలను తట్టుకొన్నారు. తిరిగి వచ్చి 1996 నుండి 2000 వరకు వరుసగా ఐదుసార్లు జాతీయ విజేతగా నిలిచారు. 1998లో కౌలాలంపూర్‌లో జరిగిన కామన్వెల్త్ క్రీడలలో భారత పురుషుల జట్టు రజతం గెలిచింది. ఆ జట్టులో ఆయన ఉన్నారు. వ్యక్తిగత విభాగంలో కాంస్యం కూడా సాధించారు. 2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో జరిగిన ఆల్ ఇంగ్లండ్ పోటీల సెమీఫైనల్లో డెన్మార్క్ మేటి ఆటగాడు పీటర్ గేడ్‌ను, ఫైనల్లో చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను 15-12, 15-6 తేడాతో ఓడించారు. 1980లో ప్రకాశ్ పదుకొనె గెలిచిన తరువాత ఆ కిరీటం భారతీయునికి దక్కడం అదే మొదలు.

అంతటితో ఆగితే అది ఒక్కరి కథ అయ్యేది. ఆయన తన ఇంటిని తాకట్టు పెట్టి మరీ హైదరాబాదులోని గచ్చిబౌలిలో శిక్షణాలయాన్ని నిర్మించారు. 2008లో అది ప్రారంభమైంది. అక్కడ సాధన చేసిన సైనా నెహ్వాల్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యాన్ని, పి.వి. సింధు 2016 రియోలో రజతాన్ని తెచ్చారు.

2022 మేలో బ్యాంకాక్‌లో జరిగిన థామస్ కప్ ఈ కథకు మరొక అధ్యాయం. డెన్మార్క్‌తో సెమీఫైనల్ 2-2 వద్ద నిలిచింది. చివరి పోటీకి దిగిన హెచ్.ఎస్. ప్రణయ్ కూడా గచ్చిబౌలిలో సాన పట్టుకొన్నవాడే. ఆట మధ్యలో అతడు జారిపడగా చీలమండ నొప్పిపెట్టింది. మొదటి గేమ్ ఓడిపోయాడు. అయినా ఆ నొప్పితోనే తరువాతి రెండు గేములూ గెలిచి జట్టును ఫైనల్‌కు చేర్చాడు. ఫైనల్లో ఇండోనేషియాపై లక్ష్య సేన్, సాత్విక్ - చిరాగ్ జంట, కిదాంబి శ్రీకాంత్ వరుసగా గెలిచారు. 3-0తో భారత్‌కు తొలి థామస్ కప్ దక్కింది. ప్రణయ్ ఆడవలసిన అవసరమే రాలేదు. ముందు అతడు జట్టును మోశాడు. తరువాత జట్టు అతనిని మోసింది.

మైదానం పక్కన కట్టుతో కూర్చున్న విద్యార్థి తెలుసుకోవలసినది ఇదే. అతడు లేని లోటును తోటివారు పూడ్చాలి. తిరిగి వచ్చినప్పుడు అతడు తన పేరును కాక తాను నేర్చిన ఓర్పును జట్టుకు ఇవ్వాలి. గాయం మానడానికి కాలం పడుతుంది. ఆ కాలాన్ని వ్యర్థం చేసుకోనివాడే నిజంగా తిరిగి వచ్చినవాడు.