లెక్కలోకి రాని ఆట

గెలిస్తే కప్పు రాదు. ఓడితే పోయేదీ లేదు. ఎర్రచొక్కాలైనా, తెల్లచొక్కాలైనా ఆడేది ఒకే జట్టు. అయినా 2018 ఏప్రిల్‌లో ఆ ఆట చూడ్డానికి 86,818 మంది వచ్చారు. అంతకు ఐదేళ్ల ముందు ఇదే మైదానంలో, ఇలాంటి ఆటలోనే ఓ ఏడేళ్ల పిల్లాడు బంతి పట్టుకుని పరిగెత్తి అమెరికా అంతటినీ కంటతడి పెట్టించాడు. నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్ నగరానికి ఏటా వసంతాన్ని తెచ్చిన ఆట కథ ఇది.

ఏప్రిల్‌లో ఓ శనివారం పొద్దున. మంచు కరిగిపోయింది కానీ గాలిలో చలి ఇంకా వదల్లేదు. దారికి రెండువైపులా కనుచూపుమేర మొక్కజొన్న చేలు. వాటిలో కిందటేటి కొయ్యకాళ్లు తప్ప ఏమీ లేవు. మళ్లీ విత్తనం పడ్డానికి ఇంకా రెండు మూడు వారాలుంది. ఆ ఖాళీ చేల మధ్య నుంచి వెళ్లే 80వ నంబరు హైవే మీద మాత్రం సందడే సందడి. కార్ల కిటికీలకు ఎర్రజెండాలు. లోపల ఎర్రటోపీల తాతయ్యలు, ఎర్రస్వెట్టర్ల నానమ్మలు, బుగ్గల మీద ఎర్రరంగుతో ‘ఎన్’ అక్షరం రాయించుకున్న పిల్లలు. అందరూ వెళ్లేది ఒక్కచోటికే... లింకన్‌కి.

ఏళ్ల తరబడి నెబ్రాస్కాలో వసంతం అలాగే మొదలయ్యేది.

లింకన్ ఆ రాష్ట్ర రాజధాని. అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ పేరే ఊరికి పెట్టారు. ఊరు ఇంకా దూరంగా ఉండగానే నాలుగొందల అడుగుల ఎత్తున్న రాష్ట్ర చట్టసభ భవనం కనిపిస్తుంది. దాని శిఖరం మీద నిలబడింది రాజూ కాదు, సేనాపతీ కాదు. విత్తనాలు చల్లుతున్న రైతు! సుమారు 19 అడుగుల కంచు విగ్రహం అది. ఊరికి రెండో గుర్తు మెమోరియల్ స్టేడియం. యుద్ధాల్లో పనిచేసిన నెబ్రాస్కా సైనికుల జ్ఞాపకార్థం 1923లో కట్టారు. అదే నెబ్రాస్కా విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టుకి సొంతగడ్డ. జట్టు పేరు ‘కార్న్‌హస్కర్స్’. అంటే మొక్కజొన్న పొత్తులు ఒలిచేవాళ్లని అర్థం. అభిమానులు ముద్దుగా ‘హస్కర్స్’ అంటారు.

స్టేడియమే ఓ నగరం

నెబ్రాస్కా విస్తీర్ణం మన తెలంగాణకి ఒకటిన్నర రెట్లకు పైనే. జనాభా మాత్రం 2020 లెక్కల ప్రకారం 19.6 లక్షలు. అంటే మన హైదరాబాద్‌లో ఓ మూలకు సరిపోతారు. అక్కడ పెద్ద నగరాలకు ఉన్నట్టు వృత్తి ఫుట్‌బాల్ జట్టేదీ లేదు. సముద్రం లేదు. ఎత్తయిన కొండలూ లేవు. ఉన్నదల్లా ఈ కాలేజీ జట్టే. అందుకే ఆట ఉన్నరోజు స్టేడియంలోని జనాన్ని లెక్కేస్తే ఒమాహా, లింకన్‌ల తర్వాత రాష్ట్రంలో మూడో పెద్ద నగరం అదేనంటారు. 1962 నవంబరు 3 నుంచి అక్కడ జరిగిన ప్రతి సీజన్ మ్యాచ్‌కీ టికెట్లన్నీ అమ్ముడుపోతూనే ఉన్నాయి. ప్రేక్షకులను రానివ్వని కరోనా సంవత్సరం 2020ని మాత్రం అందులో కలపరు. 2024లో ఆ వరస నాలుగొందల మ్యాచ్‌లకు చేరింది.

సీజన్ టికెట్టు అక్కడ ఆస్తిలాంటిది. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి బిడ్డకి వస్తుంది. టికెట్టు దొరకనివాళ్లకీ, నలుగురు పిల్లలతో ఖరీదైన మ్యాచ్‌కి రాలేని కుటుంబాలకీ మిగిలిన దారి వసంతకాలపు ఆటే. టికెట్టు చవక. తోపులాట తక్కువ. చాలామంది పిల్లలు ఆ మైదానాన్ని మొదటిసారి చూసేది ఆ రోజే.

ఆట ముందు తిండి. కార్ల డిక్కీలు తెరిచి, పక్కనే పొయ్యిలు వెలిగించి మాంసం కాల్చుకుంటారు. పక్క కారువాళ్లు ఎవరో తెలియకపోయినా పిలిచి పెడతారు. నెబ్రాస్కా వంటకం ‘రన్జా’ అయితే ఉండాల్సిందే. రొట్టె మధ్యలో మాంసం కైమా, క్యాబేజీ, ఉల్లిపాయ కూరి కాల్చిన తిండి అది. రష్యాలోని వోల్గా నది ఒడ్డు నుంచి వలసొచ్చిన జర్మన్ కుటుంబాలు తెచ్చిన రుచి. 1949లో లింకన్‌లోనే దానికో చిన్న దుకాణం వెలిసింది. ఇప్పుడు రాష్ట్రమంతా ఆ దుకాణాలే.

కబడ్డీ తెలిస్తే చాలు

పేరుకి ఫుట్‌బాల్. కానీ కాలికి పని తక్కువ. కోడిగుడ్డులా రెండువైపులా కోసుగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తాలి, లేదా ముందున్న తమవాడికి విసరాలి. అటు పదకొండుమంది, ఇటు పదకొండుమంది. పది గజాలు ముందుకెళ్లడానికి నాలుగు అవకాశాలు. వెళ్తే మళ్లీ నాలుగు. అలా వంద గజాల మైదానం దాటి అవతలి గీత తొక్కితే ఆరు పాయింట్లు. దాన్నే ‘టచ్‌డౌన్’ అంటారు. కూతకెళ్లినవాణ్ని మన కబడ్డీలో చుట్టుముట్టి పడేసినట్టే ఇక్కడా బంతి ఉన్నవాణ్ని పడేస్తారు. బంతిని ఎవరికివ్వాలో తేల్చేవాడు ‘క్వార్టర్‌బ్యాక్’. జట్టుకి మెదడు అతనే.

అసలు సీజన్ ఆగస్టు చివర్లో మొదలవుతుంది. వసంతంలో పదిహేను రోజులు సాధన చేసుకోవడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. ఆ సాధన చివర జట్టుని రెండుగా చీల్చి, ఒకరికి ఎర్రచొక్కాలు, ఇంకొకరికి తెల్లచొక్కాలు తొడిగి ఆడించేదే వసంతకాలపు ఆట. క్వార్టర్‌బ్యాక్ మీద పడి గాయపరచకూడదు. చెయ్యి తగిలితే చాలు, ఈల ఊదేస్తారు. ఎవరు గెలిచారో మర్నాటికి చాలామందికి గుర్తుండదు.

అభిమాని కళ్లు ఎటు?

మరి అంత దూరం నుంచి వచ్చిన అభిమాని ఏం చూస్తాడు?

ముందు కొత్త క్వార్టర్‌బ్యాక్‌ని చూస్తాడు. బంతి విసిరేటప్పుడు తడబడుతున్నాడా? అవతలివాళ్లు మీదికొస్తుంటే కళ్లు కిందికి దించుతున్నాడా? తర్వాత చూపు ముందు వరసలోని భారీకాయుల మీదికి వెళ్తుంది. బంతి వాళ్ల చేతికి రాదు. టీవీ వాళ్లని చూపించదు. కానీ గెలుపోటములు అక్కడే తేలతాయని పాత అభిమానికి తెలుసు. ఆపై రక్షణ దళం. నెబ్రాస్కాలో సాధన సమయంలో మేటి రక్షకులకి నల్లచొక్కాలివ్వడం 1960ల నుంచి ఉన్న ఆనవాయితీ. ఈసారి ఆ చొక్కా ఎవరికి దక్కుతుందో అభిమాని అప్పుడే అంచనా వేసుకుంటాడు.

అన్నిటికన్నా ఇష్టంగా చూసేది మాత్రం ‘వాకాన్’ కుర్రాళ్లని. స్కాలర్‌షిప్పు లేకుండా, సొంత డబ్బుతో చదువుకుంటూ జట్టులో చేరేవాళ్లు వీళ్లు. చాలామంది నెబ్రాస్కా పల్లెల పిల్లలే. సీజన్‌లో వాళ్లకి బెంచీ మీద చోటు దొరకడమే గొప్ప. వసంతంలో అలా కాదు. రెండు జట్లు కావాలి కదా, అందరికీ ఆడే వీలుంటుంది. ఆ చివరి పావుగంటలో, సగంమంది లేచి వెళ్లిపోతున్నప్పుడు, ఏదో పల్లెటూరి పిల్లాడు బంతి అందుకుంటాడు. పై వరసల్లో ఓ ఊరు ఊరంతా లేచి కేకలేస్తుంది. అదే వాళ్లకి ఫైనల్!

ఇంటికెళ్లేటప్పుడు కారులో చర్చ మొదలవుతుంది. ‘ఈ ఏడాది మనదే’ అంటాడు కొడుకు. ‘మనలో మనం ఆడుకుంటే ఎవరో ఒకరు గెలుస్తారు లేరా’ అంటాడు తండ్రి. తండ్రి మాటకి కారణముంది. 1970, 71, 94, 95, 97... ఐదుసార్లు జాతీయ విజేతగా నిలిచిన జట్టు అది. ఆ తర్వాత ఆ వైభవం మళ్లీ రాలేదు. 2018లో ఇదే విశ్వవిద్యాలయంలో ఆడిన పాత ఆటగాడు కోచ్‌గా తిరిగొచ్చాడని తెలిసి వసంతకాలపు ఆటకి 86,818 మంది పోటెత్తారు. తీరా సీజన్ మొదలయ్యాక తొలి ఆరు మ్యాచ్‌లూ ఓడిపోయారు. అయినా తర్వాతి ఏప్రిల్‌లో మళ్లీ వచ్చారు. కిందటేడు పంట పోయిందని ఈ ఏడు విత్తడం మానేసే రైతు ఉంటాడా?

ఇరవై రెండో నంబరు చొక్కా

2013 ఏప్రిల్ 6. ఆ రోజు స్టేడియంలో అరవై వేలమంది ఉన్నారు. ఆట ఆఖరి భాగానికొచ్చింది. ఎర్రజట్టు నాలుగో అవకాశం ఆడాలి. అప్పుడు బయట నుంచి ఓ బుడతడు మైదానంలోకి పరిగెత్తుకొచ్చాడు. వయసు ఏడేళ్లు. తలకి హెల్మెట్, వీపు మీద 22వ నంబరు. పేరు జాక్ హాఫ్‌మన్.

జాక్‌ది లింకన్‌కి మూడొందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న అట్కిన్సన్ అనే చిన్న ఊరు. 2011లో మెదడులో క్యాన్సర్ కణితి ఉందని తేలింది. శస్త్రచికిత్సలు జరిగాయి. ఆ రోజుల్లో జాక్‌కి హస్కర్స్ ఆటగాడు రెక్స్ బర్క్‌హెడ్ అంటే ప్రాణం. సంగతి తెలిసి బర్క్‌హెడ్ ఆ పిల్లాడికి నేస్తమైపోయాడు. 22 అతని నంబరే. ఆ వసంతానికి బర్క్‌హెడ్ చదువు ముగించుకుని వెళ్లిపోయాడు. కానీ జట్టు జాక్‌ని మర్చిపోలేదు.

క్వార్టర్‌బ్యాక్ టేలర్ మార్టినెజ్ బంతిని జాక్ చేతుల్లో పెట్టాడు. పిల్లాడు ముందు కాస్త తికమకపడ్డాడు. పక్కనున్న పెద్ద ఆటగాళ్లు దారి చూపారు. ఇక పరుగే పరుగు! పది గజాలు, ఇరవై, నలభై... వందకిలోలు దాటిన యోధులు వెనకా పక్కనా పరిగెత్తుతున్నారు కానీ అందుకునేవాడెవరూ లేడు. అరవై తొమ్మిది గజాలు దాటి గీత తొక్కేసరికి రెండు జట్ల ఆటగాళ్లూ బెంచీల మీద నుంచి ఉరికొచ్చి జాక్‌ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఎర్రా తెల్లా కలిసిపోయాయి. అరవై వేలమంది నిలబడి చప్పట్లు కొడుతుంటే ఏడవని పెద్దవాళ్లు తక్కువ.

ఆ దృశ్యాన్ని లక్షలమంది మళ్లీ మళ్లీ చూశారు. అదే నెలలో అధ్యక్షుడు ఒబామా జాక్‌ని వైట్‌హౌస్‌కి పిలిచి మాట్లాడారు. ఆ ఏడాది ఉత్తమ క్రీడాఘట్టంగా దానికి ‘ఎస్పీ’ పురస్కారం దక్కింది. జాక్ కుటుంబం పెట్టిన ‘టీమ్ జాక్ ఫౌండేషన్’కి విరాళాలు వెల్లువెత్తాయి. పిల్లల్లో వచ్చే మెదడు క్యాన్సర్ మీద పరిశోధనలకి ఆ డబ్బు వెళ్తోంది.

ఒక్క సంగతి గమనించాలి. ఆ పరుగు సీజన్ మ్యాచ్‌లో సాధ్యమయ్యేది కాదు. అక్కడ ప్రతి గజానికీ విలువుంటుంది. ప్రత్యర్థి ఒప్పుకోవాలి, నిబంధన ఒప్పుకోవాలి. పోయేదేమీ లేని ఆట కాబట్టే ఓ పసివాడి కోసం నిమిషంపాటు అన్నీ పక్కన పెట్టగలిగింది.

ఖాళీ అయిన శనివారం

జాక్ పెద్దవాడయ్యాడు. హైస్కూల్లో నిజంగానే ఫుట్‌బాల్ ఆడాడు. ఈలోగా ఆ ఇంటి మీద మరో పిడుగు పడింది. కొడుకు కోసం ఊరూరా తిరిగిన తండ్రికీ మెదడు క్యాన్సరే వచ్చింది. 2021లో ఆయన పోయారు. జాక్ కర్నీలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో చేరాడు. న్యాయవిద్య చదవాలనుకున్నాడు. 2025 జనవరి 15న, పందొమ్మిదేళ్ల వయసులో, అదే జబ్బుతో కన్నుమూశాడు.

తర్వాతి నెలలోనే లింకన్ నుంచి ఇంకో వార్త వచ్చింది. దానికీ దీనికీ సంబంధం లేదు. ఆ ఏడాది మామూలు పద్ధతిలో వసంతకాలపు ఆట ఉండదని కోచ్ మాట్ రూల్ చెప్పారు. కారణం డబ్బు. 2021 నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, ముఖం వాడుకోనిచ్చి సంపాదించుకోవచ్చు. అదే ఏడాది నుంచి ఒక కాలేజీ వదిలి మరో కాలేజీలో చేరి వెంటనే ఆడొచ్చు. ఆటగాళ్లకి అది న్యాయమే. ఇన్నేళ్లూ వాళ్ల చెమట మీద కోట్లు గడించింది వేరేవాళ్లు. కానీ వసంతకాలపు ఆట టీవీలో వస్తే, మెరిసిన కుర్రాళ్లకి మర్నాడే బయటి నుంచి బేరాలొస్తున్నాయి. 2024 ఆట తర్వాత తనకి అదే అనుభవమైందని రూల్ వివరించారు. టెక్సాస్ విశ్వవిద్యాలయం కూడా ఆ ఏడాది తమ ఆటను మానుకుంది.

లింకన్‌లో స్టేడియం తలుపులైతే మూయలేదు. 2025 ఏప్రిల్ 26న ‘హస్కర్ గేమ్స్’ పేరుతో చిన్న చిన్న పోటీలు, అమ్మాయిల ఫ్లాగ్ ఫుట్‌బాల్ పెట్టారు. పిల్లలు వచ్చారు, తాతయ్యలూ వచ్చారు. కానీ పాత అభిమాని వెతికే చివరి పావుగంట, పల్లె కుర్రాడికి దక్కే ఆ ఒక్క బంతి... వాటికి అందులో చోటెక్కడ?

లెక్కలోకి రాని ఆటకి ఇన్నాళ్లకి లెక్కలొచ్చాయి. అదే దానికి చేటయింది.

వసంతకాలపు ఆటలో చేసిన గజాలని విశ్వవిద్యాలయం అసలు రికార్డుల్లో కలపరు. కాబట్టి జాక్ పరిగెత్తిన అరవై తొమ్మిది గజాలు ఆ పట్టికల్లో కనిపించవు. ఏప్రిల్ వచ్చి, చేలల్లో కొయ్యకాళ్లు దున్నే వేళ అయితే మాత్రం నెబ్రాస్కాలో ఎవరో ఒక తాత మనవడికి ఆ పరుగు సంగతి చెబుతూనే ఉంటాడు. ఎన్ని గజాలని అడిగితే తడుముకోకుండా చెబుతాడు. ఆ రోజు గెలిచిందెవరని అడిగితేనే... కాసేపు ఆలోచిస్తాడు.