అన్నాచెల్లెళ్ళ గట్టు

రాజమండ్రి నుంచి అంతర్వేదికి సుమారు 100 కిలోమీటర్లు. దారిలో ఎక్కడా ఆగకపోతే మూడు గంటల ప్రయాణం. 2023 సంక్రాంతి వెళ్ళిన మూడోనాడు మాకు మాత్రం పొద్దున ఆరింటికి బయలుదేరితే మధ్యాహ్నం మూడయింది. తప్పు రోడ్లది కాదు, కారుదీ కాదు. మాదే.

మేము నలుగురు తోబుట్టువులం. పెద్దన్నయ్య ఇరిగేషనులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. అప్పటికి 72 ఏళ్ళు. తరవాత అమెరికాలో ఉన్న మేమిద్దరం, ఒకరు ఒహాయోలో, ఒకరు న్యూజెర్సీలో. ఆఖరున చెల్లాయి. రాజమండ్రిలోనే టీచరుగా చేసి, అక్కడే స్థిరపడింది. అమ్మానాన్నలను కడదాకా చూసుకున్నదీ తనే.

ఇవి పాస్‌పోర్టులలో రాసుకునే వివరాలు. ఇంట్లో చలామణీ అయ్యే పేర్లు వేరు. పెద్దన్నయ్య ‘కలెక్టరు’. ఏ పని అయినా తను ఉత్తర్వు ఇవ్వాలి, మిగతావాళ్ళం చెయ్యాలి. ఏ అల్లరి చేసినా కలిసే చేసేవాళ్ళం గనక మేమిద్దరం ‘జంటకవులు’. చెల్లాయి ‘చాడీలమ్మ’. ఈ బిరుదులు ఇచ్చి అరవై ఏళ్ళు కావస్తోంది. ఇంతవరకూ ఏ ఒక్కటీ రద్దు కాలేదు.

అమ్మకు అంతర్వేదిలో మొక్కు ఒకటి మిగిలిపోయింది. మాలో ఒకరికి చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చినప్పుడు గుర్రాలక్క అమ్మవారికి చీర పెడతానని మొక్కుకుందట. ఏటేటా వచ్చే ఏడు అనుకుంటూ వాయిదా వేసింది. 2018లో అమ్మ పోయింది. ఆ పైన కరోనా వచ్చి రాకపోకలు ఆగిపోయాయి. చివరికి నలుగురం ఒకచోట కలిసేసరికి 2023 వచ్చింది. వదినా మరదళ్ళు, బావగారు, “మీ నలుగురి గోలలో మేమెందుకు” అని ఇంటి దగ్గరే ఉండిపోయారు. అది ఎంత తెలివైన నిర్ణయమో మొదటి అయిదు నిమిషాలలోనే తేలిపోయింది.

కలెక్టరుగారు ముందు సీట్లో కూర్చున్నారు. వెనక సీట్లో కూర్చుంటే ఆయనకు కడుపులో తిప్పుతుందని చిన్నప్పుడే నిర్ధారణ అయింది. కిటికీల పక్క జంటకవులు. మధ్యలో చెల్లాయి. “నాకు అరవై దాటాయిరా, మోకాళ్ళ నొప్పులు, ఇప్పటికైనా కిటికీ ఇవ్వండి” అంది. “చిన్నవాళ్ళు మధ్యలో కూర్చోవాలి” అన్నాం మేము. కారు నడిపే కుర్రవాడు అద్దంలోంచి మమ్మల్ని వింతగా చూశాడు. అమెరికాలో మా కింద పదుల మంది పనిచేసేవారు. ఆ సంగతి ఆ కుర్రవాడికి చెప్పినా నమ్మేవాడు కాదు.

మొదటి మజిలీ ధవళేశ్వరం. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేసిన ఆనకట్ట ఇక్కడిదే. దాని స్థానంలో కట్టిన ఇప్పటి బ్యారేజీ 1982లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా ఉంటుంది, మధ్యమధ్య లంకలు. ఈ వివరాలన్నీ పెద్దన్నయ్య గట్టుమీద నిలబడి మాకు పాఠం చెప్పాడు. గోదావరి ఇక్కడినుంచే గౌతమి అనీ వశిష్ఠ అనీ చీలుతుంది. పాఠం అయ్యాక మమ్మల్ని లెక్కపెట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. 1967 పుష్కరాల రద్దీలో ఈ బాధ్యత నాన్నగారు అప్పగించారు. ఆ ఉత్తర్వు ఉపసంహరించుకోవడానికి ఇప్పుడు నాన్నగారు లేరు.

‘చాడీలమ్మ’ బిరుదు పుట్టింది కూడా ఇక్కడే. అప్పట్లో మా ఇల్లు ధవళేశ్వరంలో, కాలవగట్టుకు దగ్గర. లాకుల మీదనుంచి కాలవలోకి దూకడం జంటకవుల వేసవి కార్యక్రమం. ఒకరోజు గట్టుమీద మా చొక్కాలకు కాపలాగా ఏడేళ్ళ చెల్లాయిని కూర్చోబెట్టాం. జీడిలంచం కూడా ఇచ్చాం. జీడి చప్పరిస్తూనే ఇంటికి వెళ్ళి అమ్మతో చెప్పేసింది. విసనకర్ర తిరగేసి అమ్మ వడ్డించిన వడ్డన ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ కథ ఈసారి కూడా చెప్పుకున్నాం. చెల్లాయి అందరికన్నా ఎక్కువ నవ్వింది.

అక్కడినుంచి బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక చేరి, కాలవ వెంబడి లొల్ల లాకులు చూసి, ఆత్రేయపురం వెళ్ళాం. ఆత్రేయపురం అంటే పూతరేకులు. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, జారుగా కలిపిన బియ్యప్పిండిలో గుడ్డ తడిపి కుండమీద ఒక్కసారి లాగుతారు. గుడ్డ దాటేసరికి కాగితంలాంటి రేకు తయారు. నెయ్యి రాసి, పంచదారో బెల్లమో చల్లి మడుస్తారు. ఈ పూతరేకులకు అదే 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పెద్దన్నయ్య పది కొన్నాడు. మేము డబ్బు తియ్యబోతే, “మీ డాలర్లు మీ దగ్గరే ఉంచుకోండి” అన్నాడు. తలా రెండు పంచి, మిగిలిన రెండు తన సంచీలో వేసుకున్నాడు. షుగరు ఉన్న మనిషి. “అన్నయ్యా, ఆ రెండూ ఎవరికి?” అంది చెల్లాయి. “చూశారా, చాడీలు మొదలు” అన్నాం మేము.

రావులపాలెం దారిలోనే ర్యాలి. జగన్మోహినీ కేశవస్వామి గుడి. ఒకే నల్లరాతిలో ముందువైపు విష్ణుమూర్తి, వెనకవైపు మోహిని. ముందునుంచి దండం పెట్టుకుని మేము బయటికి నడుస్తూంటే అర్చకులు ఆపారు. “వెనకవైపు చూడకపోతే సగం దర్శనమేనండి” అని దీపం పట్టుకుని వెనక్కి తీసుకెళ్ళారు. జడకొప్పు, నడుము వంపు, చీరకట్టు, అన్నీ వివరంగా చూపించారు. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు వచ్చామో, ఆ కొప్పు అంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు.

అరటి గెలల లారీల మధ్యనుంచి రావులపాలెం దాటి, పి. గన్నవరం చేరేసరికి పదకొండున్నర. ఇక్కడ వైనతేయ నది మీదుగా కాలవను దాటించే అక్విడక్టు ఉంది. కింద నది, పైన కాలవ. పాతది కాటన్ కాలం నాటిది. కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఏ వేళప్పుడు ఎవరు వచ్చినా అన్నం పెట్టిన తల్లి ఆవిడ. 1909లో పోయారు. కోనసీమలో ఈనాటికీ ఆవిడ పేరు చెప్పి అన్నం పెట్టేవాళ్ళున్నారు.

అక్కడే ఒక చెట్టు నీడన చెల్లాయి కట్టి తెచ్చిన పులిహోర తిన్నాం. సీతమ్మగారి మాటలు నడుస్తున్నాయి. ఎవరో అన్నాం, “అమ్మ కూడా అంతే, అన్నం తిన్నావా అని ఒకటికి రెండుసార్లు అడిగేది” అని.

చెల్లాయి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. “రెండుసార్లు కాదు. పదిసార్లు. నేను తిన్నానని చెప్పాక కూడా. అదే కదా మీకు ఫోన్లో చెప్పాను” అంది.

మాకు గుర్తుంది. 2014లో. అమ్మ పప్పులో ఉప్పు రెండుసార్లు వేస్తోందనీ, గుడికి వెళ్ళి ఇంటికి దారి మరిచిపోయిందనీ, ఒకసారి వచ్చి చూసి వెళ్ళమనీ చెల్లాయి రాత్రిపూట ఫోను చేసింది. మేము నవ్వాం. “డెబ్భై ఎనిమిదేళ్ళు వచ్చాక ఎవరికి మరుపు ఉండదే? చాడీలమ్మా, ఇప్పుడు అమ్మ మీద మాకు చాడీలా?” అన్నాం. వచ్చే ఏడు జూలైలో పుష్కరాలకు ఎలాగూ వస్తాం కదా, అప్పుడు చూద్దాం అన్నాం. కాకినాడలో ఉన్న పెద్దన్నయ్యకు చెబితే, “దానికి ప్రతిదీ పెద్దది చేసి చెప్పడం అలవాటు” అన్నాడు.

2015 జూలైలో వచ్చాం. గుమ్మంలో అడుగు పెట్టగానే అమ్మ మాలో పెద్దవాడి చెవి పట్టుకుని, “ఏరా తమ్ముడూ, నా జామకాయ కొరికి పారిపోయావే, ఇప్పుడు దొరికావు” అంది. మా ఆఖరి మేనమామ పోయి అప్పటికి ఇరవై ఏళ్ళు. అమ్మకు తన కడుపున పుట్టినవాళ్ళం గుర్తు లేము. జామకాయ గుర్తుంది, తమ్ముడు గుర్తున్నాడు, వాడిని ఏడిపించడం గుర్తుంది. ఆ మూడు వారాలూ మేము అమ్మకు తమ్ముళ్ళమే. చెల్లాయి మాత్రం ఏమీ తడబడలేదు. అమ్మ “అక్కా” అని పిలిస్తే “ఏమే” అని పలికేది. అంతకుముందు ఏడాదిగా అలాగే పలుకుతోందని తరవాత తెలిసింది.

“మీరు 2014లో వచ్చి ఉంటే,” అంది చెల్లాయి ఆ చెట్టు కింద, “అమ్మ మిమ్మల్ని మీ పేర్లతో పిలిచేది. నా మాట నమ్మలేదని నాకు కోపం లేదు. అమ్మ పిలుపు పోయిందనే.”

జంటకవులకు నోట మాట రాలేదు. నీళ్ళ సీసా మూత తీసి పెట్టడం తప్ప ఏమీ చేయలేకపోయాం. కొంతసేపటికి పెద్దన్నయ్యే అన్నాడు: “అమ్మతో లాకుల సంగతి చెప్పిన రోజు కూడా అది అబద్ధం చెప్పలేదురా. ఆ వారమే అక్కడ ఒక పిల్లవాడు మునిగిపోయాడు. మీకు చెప్పొద్దని నాన్నగారు అన్నారు. దాని చాడీ వల్లనే మీరు దెబ్బలతో బయటపడ్డారు.” ఈ మాట ఆయన మనసులో అన్నేళ్ళు ఎలా దాచుకున్నాడో మాకు తెలియదు. కలెక్టరుగారి దస్త్రాలు అంత తొందరగా బయటికి రావు.

గన్నవరం నుంచి రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది. మాట్లాడుకోకుండా వెళ్ళింది ఆ ముక్క ఒక్కటే. సఖినేటిపల్లి దాటాక చెల్లాయే మౌనం విప్పింది. “కొబ్బరిచెట్లు లెక్కపెడుతున్నారా, జంటకవులూ?” అంది. బతికిపోయాం అనుకున్నాం. మలుపులో కారు ఆపించి కిటికీ ఒకటి ఖాళీ చేశాం. ఆ సీటుకోసం మాలో మేము కాసేపు వాదించుకున్నాం, అది వేరే సంగతి.

అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణం మాఘమాసంలో, భీష్మ ఏకాదశి రోజుల్లో జరుగుతుంది. ఆ రద్దీ తట్టుకోలేమనే మేము ముందుగా వెళ్ళాం. స్వామివారి పాత రథం 2020 సెప్టెంబరులో కాలిపోయింది. 2021లో కొత్త రథం వచ్చింది. రథోత్సవంలో ఒక ఆచారం ఉంది. గుర్రాలక్క స్వామికి తోబుట్టువని ఇక్కడివారి నమ్మకం. రథం ఆవిడ గుడిదాకా వెళ్ళి, చీర సారె సమర్పిస్తారు. అంతటి నరసింహస్వామి కూడా ఆడపడుచు గుమ్మందాకా వెళ్ళవలసిందే.

అమ్మ మొక్కు చీర అమ్మవారికి ఇచ్చాం. అప్పుడు పెద్దన్నయ్య సంచీలోంచి ఇంకొక పొట్లం తీశాడు. అదీ చీరే. పండక్కి ముందే కొని ఉంచాడట. “ఇది నీకు. ముగ్గురి తరఫునా. వీళ్ళ వాటా నేను తరవాత వసూలు చేసుకుంటాను” అన్నాడు. చెల్లాయి రంగు చూసి, “నా వయసుకి ఈ మిరపపండు ఎరుపేమిటి!” అంటూనే గుండెలకు హత్తుకుంది. పొట్లంతోపాటు ఆత్రేయపురం పూతరేకులు రెండూ బయటికి వచ్చాయి. అవి కూడా దానికోసమే.

సాయంత్రం సముద్రం దగ్గరికి నడిచాం. వశిష్ఠ సముద్రంలో కలిసే ఆ చోటుని ‘అన్నాచెల్లెళ్ళ గట్టు’ అంటారు. నీళ్ళలో గీత గీసినట్టు ఒకవైపు మట్టిరంగు, మరోవైపు తేట. అలలు తోస్తున్నా ఆ గీత చెరగదు. ఎవరు అన్న, ఎవరు చెల్లెలు అని అడిగితే అక్కడి పడవవాళ్ళు తలొక విధంగా చెప్పారు. మేము నలుగురం ఇసుకలో కూర్చుని దానిమీద కూడా వాదించుకున్నాం. చీకటి పడుతూంటే పెద్దన్నయ్య లేచి లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. మేము ఆయన్ని కూడా కలిపి నాలుగు అన్నాం.

ఈ వైపు వెళ్ళదలచుకున్నవారికి రెండు మాటలు. పొద్దున్నే బయలుదేరండి, ఆత్రేయపురంలో ఎక్కువసేపు ఆగకండి. పశ్చిమ గోదావరి వైపునుంచి వచ్చేవారు నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి చేరవచ్చు. వీలయితే మీ అన్నదమ్ములతో, అక్కచెల్లెళ్ళతో వెళ్ళండి. మనం ఈ దేశంలో ఎన్ని డిగ్రీలు సంపాదించుకున్నా, మనల్ని మధ్య సీట్లో కూర్చోబెట్టగలిగినవాళ్ళు వాళ్ళే.

తిరిగి వచ్చాక, ఆ వేసవిలో ఒక రాత్రి ఫోను మోగింది. “మీకో చాడీ” అంది చెల్లాయి. పెద్దన్నయ్య షుగరు మందులు సరిగా వేసుకోవడం లేదట, రెండుసార్లు కళ్ళు తిరిగి పడ్డాడట, ఎవరికీ చెప్పొద్దన్నాడట. ఈసారి మేము నవ్వలేదు. వారం తిరక్కుండా మాలో ఒకరం కాకినాడలో దిగాం. గుమ్మంలో చూడగానే కలెక్టరుగారు అన్న మొదటి మాట: “చాడీలమ్మ చెప్పిందా?”