శౌచం – సంతోషం

పతంజలి మహర్షి యోగసూత్రాలలో ఐదు నియమాలను పేర్కొన్నాడు. వాటిలో మొదటిది శౌచం, రెండవది సంతోషం. ఈ వరుసను తరగతిలో ఎన్నోమార్లు వివరించాను. అయితే ఆ రెండూ పక్కపక్కనే ఎందుకున్నవో, మా మెదక్ పట్టణంలోని ఒక అంగన్‌వాడీ కేంద్రానికి వెళ్ళేవరకు నాకు బోధపడలేదు.

మూడేళ్ళ మనుమరాలిని దింపడానికి ఒకనాటి ఉదయం అక్కడికి వెళ్ళాను. కథ వింటున్న ఒక బాలుడు కూర్చున్నచోటనే లాగు తడుపుకొని తల వంచుకున్నాడు. పక్కపిల్లలు నవ్వబోయారు. ఆయమ్మ కోపగించలేదు. "ఏం గాదు బిడ్డా, రా" అంటూ చేయి పట్టుకొని తీసుకుపోయి, శుభ్రం చేసి, పొడిలాగు తొడిగింది. టీచరు కథ ఆపలేదు. కొద్దిసేపటికే వాడు వచ్చి మళ్ళీ కథలో లీనమయ్యాడు.

నాకు నా బాల్యం జ్ఞాపకం వచ్చింది. ఒకటవ తరగతిలో నాకూ ఇదే జరిగింది. నాడు తరగతి అంతా నవ్వింది, పంతులుగారూ నవ్వారు. ఆ తరువాత చాలా రోజులు బడికి పోయేముందు నీళ్ళు తాగడమే మానుకున్నాను.

మూత్రాశయంపై అదుపు గద్దిస్తే వచ్చేది కాదు. నాడులు, కండరాలు పరిణతి చెందాలి. పగటివేళ ఆ అదుపు చాలామందికి రెండు, మూడేళ్ళ ప్రాయంలో అలవడుతుంది. రాత్రివేళ ఐదేళ్ళు నిండినా కొందరికి సాధ్యపడదు. భయపడిన పిల్లలు బిగబట్టుకుంటారు. దానివల్ల మలబద్ధకం, మూత్రకోశ వ్యాధులు కలుగుతాయి.

అందుకే ఆ కేంద్రంలో రాగానే ఒకసారి, భోజనానికి ముందు ఒకసారి, నిద్రకు ముందు మరొకసారి పిల్లలను మరుగుదొడ్డికి పంపుతారు. "ఒంటికి", "రెంటికి" అని సంకోచం లేకుండా చెప్పడం నేర్పుతారు. బొత్తాల లాగులకు బదులు పిల్లలే దించుకోగల ఎలాస్టిక్ లాగులు వేయమని తల్లులకు చెబుతారు. కుళాయి పిల్లల చేతికందే ఎత్తులో ఉంది. మగ్గు వారు ఎత్తగలిగినంత చిన్నది. అరచేతులు, వేళ్ళ సందులు, గోళ్ళ కొసలు సబ్బుతో ఇరవై సెకన్లపాటు రుద్దుకొనేలా టీచరు ఒక పాట పాడిస్తుంది. అతిసారం, నులిపురుగులు చాలావరకు దూరమయ్యేది ఈ చిన్న అలవాటుతోనే.

1975 అక్టోబరు 2న దేశంలోని 33 బ్లాకులలో సమగ్ర శిశు అభివృద్ధి పథకం ఆరంభమైంది. అంగన్‌వాడీలు ఆ పథకం ఫలమే. అక్కడ లభించే పౌష్టికాహారం గురించి అందరమూ మాట్లాడుకుంటాం. ఆయమ్మ కాపాడే పసివారి ఆత్మగౌరవం ఏ లెక్కలకూ అందదు.

విద్యార్థులారా! రేపు మీరూ తల్లిదండ్రులో, ఉపాధ్యాయులో అవుతారు. మీ ఎదుట ఒక పసివాడు తల వంచుకొన్ననాడు ఆయమ్మను స్మరించండి.

మొన్న మా మనుమరాలు నా చేయి విడిపించుకొని, "నేనొక్కదాన్నే పోతా తాతా!" అంటూ వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకొంది. కాసేపటికి తడిచేతులు చూపుతూ బయటికి వచ్చింది. శౌచం వెంటనే సంతోషాన్ని ఎందుకు చెప్పారో ఆ ముఖంలో చదువుకొన్నాను.