చక్రం చెప్పిన దూరం

ముందు చక్రం ఇరుసు నట్టు కింద బిగించి ఉండేది. అగ్గిపెట్టెలో సగం ఉంటుందేమో. పైన చిన్న గాజు కిటికీ, దాని వెనక వరసగా అంకెలు. చివరి గడిలో అంకె మాత్రం వేరే రంగు, అది మైలులో పదో వంతు. పక్కన అయిదు మొనల ఇత్తడి చుక్క. చక్రం పుల్లల్లో ఒకదానికి చిన్న ఇనప ముక్క తొడిగి ఉండేది. చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఆ ముక్క వచ్చి చుక్కని ఒక్క మొన ముందుకి తోసేది. టిక్కుమనేది. కాలవ గట్టు మీద గాలి లేని పొద్దుటిపూట అయితే ఆ చప్పుడు వెనక క్యారియరు మీద కూర్చున్నవాళ్ళకి కూడా వినపడేది.

దాన్ని సైక్లోమీటరు అంటారు. అమెరికాలో హార్ట్‌ఫర్డ్ ఊరి కర్టిస్ వీడర్ 1895లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. తరవాత ఇంగ్లండులో లూకాస్ వాళ్ళూ చేశారు. మావైపు మాత్రం అందరూ ‘మీటరు’ అనేవాళ్ళు. కొనేటప్పుడు చూసుకోవలసింది ఒక్కటే, చక్రం సైజు. 28 అంగుళాల బండికి ఒక మీటరు, 26 అంగుళాల బండికి ఇంకోటి. 28 అంగుళాల చక్రం మైలు నడవాలంటే 720 చుట్లు తిరగాలి. 26 అంగుళాలదయితే దగ్గర దగ్గర 776. చిన్న చక్రం మీటరు తెచ్చి పెద్ద బండికి బిగిస్తే, పద్నాలుగు మైళ్ళు తొక్కిన మనిషికి అది పదమూడే చూపిస్తుంది. పనిముట్టులో లోపం ఏమీ ఉండదు. దానికి చెప్పిన చక్రం వేరు, దొరికిన చక్రం వేరు, అంతే.

మా పెదనాన్న పి.డబ్ల్యు.డి.లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసేవారు. ధవళేశ్వరం నుంచి కాకినాడ వెళ్ళే కాలవ మీద పని. కడియం, ద్వారపూడి, అనపర్తి, ఇలా గట్టు వెంట తిరగడమే ఉద్యోగం. సాయంత్రం ఇంటికి రాగానే ముందు మీటరు దగ్గర వంగి అంకె చూసి, తరవాతే చెప్పులు విడిచేవారు. నల్ల అట్ట డైరీలో పొద్దుటి అంకె, సాయంత్రం అంకె, తేడా. నెలాఖరున టి.ఏ. బిల్లు ఆ లెక్కనే. 1970ల నాటికి రోడ్డు మీద కిలోమీటర్లు వచ్చేశాయి, ఆయన మీటరులో మాత్రం ఇంకా మైళ్ళే. ఎనిమిదితో గుణించి అయిదుతో భాగించడం మా పిల్లలందరికీ ఆ డైరీ దగ్గరే వచ్చింది.

ఆయన మీటరుని నమ్మేవారు, కానీ ఊరికే నమ్మేవారు కాదు. గట్టు మీద ఇంకా మైళ్ళ రాళ్ళూ ఫర్లాంగు రాళ్ళూ ఉండేవి. కొత్త టైరు వేయించిన మర్నాడు ఒక మైలు రాయి దగ్గర ఆగి అంకె రాసుకుని, మధ్యలో ఎక్కడా దిగకుండా, వంకర తొక్కకుండా, నాలుగు రాళ్ళ అవతల మళ్ళీ ఆగి చూసేవారు. ఒకసారి పై ఆఫీసులో ఎవరో ఆయన బిల్లుకి కొర్రీ వేస్తే, “గట్టు అక్కడే ఉందండీ, రాళ్ళూ అక్కడే ఉన్నాయి, వచ్చి చూసుకోండి” అని రాసి పంపారట. ఇంట్లో ఆ మాట చాలా ఏళ్ళు చెప్పుకున్నాం. నా వరకు ఆ జవాబులోనే విషయమంతా ఉంది. దూరం ఎవడి జేబులోనో ఉన్న వస్తువు కాదు. దానికి దారి పక్కన సాక్షులుండేవి, ఎవరైనా వెళ్ళి అడగొచ్చు.

ఆ సాక్షుల గురించి కాస్త చెప్పాలి, ఇప్పటి పిల్లలు వాటిని సరిగ్గా చూసి ఉండరు. జాతీయ రహదారి రాయికి తల పసుపు, రాష్ట్ర రహదారి రాయికి తల ఆకుపచ్చ, కింద తెలుపు మీద ఊరి పేరూ అంకే. ప్రతి అయిదో కిలోమీటరుకీ కొంచెం పెద్ద రాయి, దాని మీద ఎక్కువ ఊళ్ళ పేర్లు. కిలోమీటరుకీ కిలోమీటరుకీ మధ్య మోకాలెత్తు కూడా లేని చిన్న రాళ్ళు నాలుగు, 2, 4, 6, 8 అని ఒక్కొక్క అంకెతో. రెండు వందల మీటర్లకొకటి. వాటి అసలు పేరు ఏదైనా, జనం నోట అవీ ఫర్లాంగు రాళ్ళే. అది పెద్ద తప్పేమీ కాదు, ఫర్లాంగు అంటే 201 మీటర్లు. సైకిలు తొక్కేవాడికి కిలోమీటరు రాయి కంటే ఈ చిన్న రాళ్ళే దగ్గరవి. ఎదురుగాలిలో వంగి తొక్కుతుంటే కంటికి ఆనేవి అవే. “ఇంకో ఎనిమిది, ఇంకో రెండు” అనుకుంటూ పోయేవాళ్ళం.

రోడ్లు నాలుగు వరసలైనప్పుడు ముందు పోయినవి ఈ చిన్న రాళ్ళు. జేసీబీ పళ్ళ కింద అవి కనపడను కూడా కనపడవు. తరవాత బైపాసులు వచ్చాయి. ఊళ్ళోంచి పోయే పాత రోడ్డు మీద అక్కడక్కడా మిగిలిన రాయి చెప్పే దూరం ఇప్పుడు ఎవరూ వెళ్ళని దారిది. తల మీద పెద్ద ఆకుపచ్చ బోర్డులు వచ్చాయి, కారువాడికి అవి చాలు. సైకిలువాడు తన మీటరుని పక్కన పెట్టి చూసుకోవడానికి మాత్రం ఆ బోర్డులు ఏమంత పనికిరావు.

మధ్యలో ఇంకో వస్తువు వచ్చి వెళ్ళింది. క్యాట్ఐ లాంటి కంపెనీల వైరు మీటరు. పుల్లకి అయస్కాంతం, ఫోర్కుకి సెన్సరు, హ్యాండిలు మీద బొటనవేలంత తెర. మొదట మన టైరు చుట్టుకొలత మిల్లీమీటర్లలో ఎక్కించాలి. 700×25 టైరుకి 2105 అని దానితో వచ్చే కాగితంలో ఉండేది. పెదనాన్న మీటరు చేసిన పనే ఇదీ చేసేది, కాకపోతే చప్పుడు చేయకుండా. ఇదీ ఇప్పుడు దుకాణాల్లో అడిగితే తప్ప తియ్యరు.

జీపీఎస్ సంగతి వేరు. దానికి చక్రంతో పనిలేదు. 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు తమ అణుగడియారాల వేళను పంపుతుంటాయి. కనీసం నాలుగింటి నుంచి వచ్చిన సంకేతాల ఆలస్యాన్ని బట్టి హ్యాండిలు మీది బాక్సు తానెక్కడుందో లెక్క కడుతుంది. 2000 మే 2 దాకా అమెరికా ప్రభుత్వం మామూలు జనానికి అందే సంకేతంలో కావాలనే తప్పు కలిపి పంపేది. వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. రాజమండ్రి రోడ్డు-రైలు వంతెన మీద ఉన్న మనిషి గోదావరి నీళ్ళలో తేలుతున్నట్టు కనపడే స్థితి. ఆ కలుపు తీసేశాకే ఈ బాక్సులు సైకిలుకి పనికొచ్చాయి. ఆపైన అయిదారేళ్ళకి గార్మిన్ ఎడ్జ్ 305 లాంటివి వచ్చాయి. వాటిని మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు కలిగిన ఆశ్చర్యం నాకింకా పోలేదు. ఇంటికొచ్చి తీగ తగిలిస్తే కంప్యూటరు తెర మీద మనం పోయిన దారి, వీధి మలుపుతో సహా గీత గీసినట్టుండేది.

అయితే అది దూరాన్ని కొలవదు. ఉన్న చోట్లని చుక్కలుగా గుర్తు పెట్టుకుని, వాటి మధ్య దూరాలు కూడుతుంది. ఈ తేడా తెలియకుండా బాక్సు కొనకూడదని నా గట్టి అభిప్రాయం. మారేడుమిల్లి ఘాటుకి వెళ్ళండి. పైన చెట్లు కమ్ముకుని ఉంటాయి, పక్కన కొండ. సంకేతం నేరుగా రాకుండా కొండకి తగిలి తిరిగొస్తుంది. మెలిక దగ్గర రెండు చుక్కల మధ్య తిన్నగా గీత గీస్తే మలుపు కత్తిరించుకుపోయి దూరం తగ్గుతుంది. నెమ్మదిగా ఎక్కుతున్నప్పుడు చుక్కలు అటూ ఇటూ చెదిరితే దూరం పెరుగుతుంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని చివరికి అంకె బాగానే వచ్చినట్టుంటుంది. నాకు మాత్రం అలా కుదిరిన అంకె మీద గౌరవం కలగదు. మైదానంలో, తిన్నటి రోడ్డు మీద, ఆకాశం తెరిచి ఉన్నచోట అదే బాక్సు చాలా నిజాయితీగా చెబుతుంది. కెనాల్ రోడ్డు మీద దాన్ని నేను ఏ సందేహం లేకుండా నమ్ముతాను.

కొనబోయేవాళ్ళు ఎవరైనా అడిగితే తెర ఎంత పెద్దది, రంగులెన్ని అన్నవి తరవాత చూసుకోమంటాను. సెకనుకో చుక్క రాసుకునే వీలుందా? కొన్ని బాక్సులు బ్యాటరీ కోసమో జాగా కోసమో చుక్కలు తగ్గించి రాస్తాయి, మెలికల దారిలో అక్కడే దెబ్బ తగులుతుంది. రెండు పౌనఃపున్యాల మీద సంకేతం అందుకుంటుందా? కొండల పక్కన, ఎత్తు మేడల మధ్యన అది అక్కరకొస్తుంది. అన్నిటికంటే ముందు, చక్రానికి సెన్సరు తగిలించుకోనిస్తుందా? ఇప్పుడు అయస్కాంతం కూడా అక్కర్లేదు, హబ్బుకి చుట్టుకునే చిన్న బిళ్ళ చాలు. అది ఉంటే బాక్సు చెట్ల కింద గుడ్డిదయినా చక్రం లెక్క ఆగదు. చాలా బాక్సులు చుట్టుకొలతని జీపీఎస్‌తో తామే తేల్చుకుంటామంటాయి. నేను ఒప్పుకోను, నా చేత్తో కొలిచి ఎక్కిస్తాను. వాల్వు సరిగ్గా నేలకి వచ్చేలా పెట్టి సుద్దముక్కతో గీత గీసి, బండి మీద కూర్చుని, పక్కన ఒకరు పట్టుకోగా మూడు చుట్లు తిన్నగా దొర్లించి, మళ్ళీ గీత గీసి టేపు పెట్టి మూడుతో భాగించాలి. కూర్చోవడం ముఖ్యం, మనిషి బరువుకి టైరు నొక్కుకుని చుట్టుకొలత తగ్గుతుంది. 2105లో పది మిల్లీమీటర్లు తేడా వస్తే వంద కిలోమీటర్లకి దాదాపు అర కిలోమీటరు పోయినట్టే.

ఎత్తు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మంచి బాక్సుల్లో గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెప్పే యంత్రం ఉంటుంది. సముద్రమట్టం దగ్గర ఒక హెక్టోపాస్కలు తగ్గితే ఎనిమిది మీటర్ల పైచిలుకు ఎక్కినట్టు లెక్క. కానీ ఒత్తిడి మనం ఎక్కడం వల్లే తగ్గదు. మన ఉష్ణమండలంలో ఏ తుఫానూ లేకపోయినా రోజూ పొద్దున పది ప్రాంతంలో ఒత్తిడి పెరిగి, సాయంత్రం నాలుగు ప్రాంతానికి మూడు నాలుగు హెక్టోపాస్కళ్ళు పడుతుంది. పదింటికి కాకినాడలో బయల్దేరి బల్లపరుపు డెల్టా అంతా తిరిగి నాలుగింటికి అదే వీధిలో దిగండి, బాక్సు మిమ్మల్ని పాతిక ముప్పై మీటర్ల ఎత్తున నిలబెడుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం ఉన్న రోజున ఇంకా పైకి. అందుకే ఎత్తు తెలిసిన చోట బయల్దేరేటప్పుడు దాన్ని ఎక్కించుకోవాలి. రైల్వే స్టేషన్ల పసుపు బోర్డు మీద, ఊరి పేరు కింద, సముద్రమట్టానికి ఎత్తు రాసి ఉంటుంది. దారి పక్క సాక్షుల్లో నాకు తెలిసి ఇంకా చెక్కుచెదరనిది అదొక్కటే. బాక్సుకి ఎత్తు చెప్పేటప్పుడు నేను ఎప్పుడూ ఆ బోర్డు దగ్గరికే వెళతాను.

బ్రెవేలు, అంటే గడువు లోపల పూర్తి చేయవలసిన దూరపు సైకిలు ప్రయాణాలు, తొక్కేవాళ్ళ మధ్య ఈ నమ్మకం గొడవ ఇంకోలా తేలిపోయింది. 200 కిలోమీటర్లు, పదమూడున్నర గంటలు. చేతిలో మడత కార్డు, దారిలో నిర్ణయించిన చోట్ల ముద్ర, వచ్చిన వేళ. చివర చేరినవాళ్ళ బాక్సులు పక్కపక్కన పెడితే ఒకటి 201 అంటుంది, ఇంకోటి 204 అంటుంది, రోడ్డు దాటి టీకి వెళ్ళొచ్చినవాడిది మరో అంకె. కార్డు తీసుకునే మనిషి వాటి వంక చూడడు. దూరం ముందే కొలిచి పెట్టారు, ఆయనకి కావలసింది ముద్రలూ వేళలూ. ముద్ర ఒకటి తప్పితే బాక్సులో ఎన్ని కిలోమీటర్లున్నా మొదట ఆ ఖాళీ గడికే సమాధానం చెప్పాలి.