ఖాళీ చోటు, సొంత గొంతు

చనిపోయిన మహా గిటారిస్టు స్థానంలో నిలబడ్డ వారెన్ హేన్స్ 1993లో తెచ్చిన తొలి సోలో ఆల్బమ్ వెనుక ఓ పాత ప్రశ్న ఉంది: అప్పు తెచ్చుకున్న సంగీతంలో సొంతమంటూ ఏం మిగులుతుంది?

బ్యాండ్‌లో అన్నిటికంటే కష్టమైన పని చనిపోయిన మనిషి చోట నిలబడి వాయించడం. బాగా వాయిస్తే అచ్చం ఆయనలాగే ఉందంటారు. వేరుగా వాయిస్తే ఆయనే ఉండుంటేనా అని నిట్టూరుస్తారు. 1989లో ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్ తన 20వ వార్షికోత్సవానికి మళ్లీ ఒక్కటైనప్పుడు వారెన్ హేన్స్‌కు దక్కింది అలాంటి ఉద్యోగమే. అప్పటికి ఆయన వయసు 29 ఏళ్లు. ఆ చోటు డ్యుయేన్ ఆల్‌మన్‌ది. 1971 అక్టోబర్ 29న జార్జియా రాష్ట్రంలోని మేకన్ పట్టణంలో జరిగిన మోటార్‌సైకిల్ ప్రమాదంలో డ్యుయేన్ 24 ఏళ్లకే కన్నుమూశారు. ఆనాడు నార్త్ కరోలినాలోని ఆష్‌విల్‌లో పెరుగుతున్న హేన్స్‌కు 11 ఏళ్లు. గిటార్ పట్టింది ఆ తర్వాత, 12వ ఏట. డ్యుయేన్‌ను రికార్డుల ద్వారానే తెలుసుకున్న తరం ఆయనది.

ఆ చోట నాలుగేళ్లు వాయించాక హేన్స్ తన పేరు మీద తొలి ఆల్బమ్ విడుదల చేశారు. పేరు 'టేల్స్ ఆఫ్ ఆర్డినరీ మ్యాడ్‌నెస్'. అమెరికన్ రచయిత చార్లెస్ బుకోవ్‌స్కీ కథల సంపుటి పేరూ అదే. విడుదల చేసింది మెగాఫోర్స్ రికార్డ్స్. హెవీ మెటల్ బృందం మెటాలికా తొలి ఆల్బమ్‌ను 1983లో బయటికి తెచ్చిన కంపెనీ అది. నిర్మాత చక్ లెవెల్. ఈ చివరి పేరులో ఓ విశేషముంది. డ్యుయేన్ పోయాక ఆల్‌మన్ బ్రదర్స్ ఆయన స్థానంలో వెంటనే మరో గిటారిస్టును తీసుకోలేదు. 1972లో ఓ పియానో వాద్యకారుణ్ని చేర్చుకుంది. ఆయనే లెవెల్. ఆ తర్వాత రోలింగ్ స్టోన్స్ బృందంలో దశాబ్దాలపాటు పనిచేశారు. ఖాళీ చోటు బరువు ఎంతో తెలిసిన మనిషే హేన్స్ ఆల్బమ్‌కు పెద్దదిక్కు అయ్యారన్న మాట.

ఆ బరువు ఎలాంటిదో అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. బ్లూస్ పుట్టింది అమెరికా దక్షిణాదిలో, బానిసల సంతతి బతికిన పత్తి చేలల్లో. దాని చట్రం చాలా చిన్నది. మూడు కార్డ్‌లు, 12 బార్‌లు, అంతే. మొదటి పాదం పాడటం, దాన్నే మళ్లీ పాడటం, మూడో పాదంలో జవాబు చెప్పడం. బలమంతా స్వరాల మధ్య ఉండే సందులో ఉంటుంది. పియానో మెట్ల మీద దొరకని ఆ చోటును గిటారిస్టు తీగను పక్కకు లాగి పట్టుకుంటాడు. వీణ మీద తీగను లాగి గమకం పలికించడం చూసిన వారికి ఈ విద్యను ప్రత్యేకంగా వివరించనక్కర్లేదు. కొందరు తీగల మీద కత్తినో, సీసా మెడనో జార్చారు. దాన్నే స్లైడ్ అన్నారు. మన గోటువాద్యంలో తీగ మీద జారే కొయ్య ముక్క చేసే పనీ ఇంచుమించు అదే. డ్యుయేన్ వాడింది కోరిసిడిన్ అనే జలుబు మాత్రల గాజు సీసా. ఉంగరం వేలికి దాన్ని తొడుక్కుని ఆయన పలికించిన నాదం కోసం తర్వాతి తరాలు మందుల షాపుల్లో అలాంటి సీసాల వేటలో పడ్డాయి.

1969లో డ్యుయేన్ ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో కూడగట్టిన బృందానికి త్వరలోనే మేకన్ ఇల్లయింది. నల్లజాతి గాయకుడు ఓటిస్ రెడింగ్‌కు మేనేజర్‌గా పనిచేసిన ఫిల్ వాల్డెన్ అక్కడ క్యాప్రికార్న్ రికార్డ్స్ నడిపేవారు. ఇద్దరు గిటారిస్టులు, ఇద్దరు డ్రమ్మర్లతో బ్లూస్‌ను గంటల తరబడి సాగదీసి, అందులో జాజ్ మనోధర్మాన్ని కలిపిన ఆ శైలిని సదరన్ రాక్ అన్నారు. దక్షిణాదిలోనే పుట్టిన రాక్‌కు మళ్లీ ఆ విశేషణమెందుకని డ్యుయేన్ తమ్ముడు గ్రెగ్ విసుక్కునేవారు. ఆయన విసుగులో న్యాయం లేకపోలేదు. ఎందుకంటే ఆ పేరు ఒక అప్పును కప్పిపెట్టింది.

బృందానికి పేరు తెచ్చిన 1971 నాటి ఫిల్‌మోర్ ఈస్ట్ లైవ్ ఆల్బమ్ మొదలయ్యేదే 'స్టేట్స్‌బొరో బ్లూస్'తో. దాన్ని 1928లో రికార్డు చేసింది జార్జియాకు చెందిన అంధ గాయకుడు బ్లైండ్ విలీ మెక్‌టెల్. తన పాట శ్వేతజాతి కుర్రాళ్ల చేతిలో అరీనాలు నింపడం చూడకుండానే ఆయన 1959లో పోయారు. సదరన్ రాక్‌లో కొన్ని బృందాలు వేదిక మీద పాత కాన్ఫెడరేట్ జెండాను వేలాడదీశాయి. బానిసత్వాన్ని కాపాడటానికి యుద్ధం చేసిన జెండా కింద బానిసల మనవల సంగీతం మోగడం ఈ ప్రక్రియ మెడకు చుట్టుకున్న వైరుధ్యం. ఆల్‌మన్ బ్రదర్స్ మాత్రం మొదటి రోజు నుంచీ ఇరు జాతుల బృందమే. దాని డ్రమ్మర్ జైమో నల్లజాతీయుడు, అంతకు ముందు ఓటిస్ రెడింగ్‌కు వాయించినవాడు. 1969 నాటి దక్షిణాదిలో అది చిన్న విషయం కాదు. కనుక హేన్స్‌కు వారసత్వంగా వచ్చింది ఒక్క డ్యుయేన్ చోటే కాదు, ఈ అప్పు కూడా.

హేన్స్ ఆ చోటుకు చేరిన దారి తిన్నగా లేదు. 20వ ఏట కంట్రీ గాయకుడు డేవిడ్ అలెన్ కో వెంట ఊరూరా తిరిగారు. నాష్‌విల్ స్టూడియోల్లో ఇతరులకు వంత పాడారు. మరో ఇద్దరితో కలసి రాసిన ఓ పాటను గార్త్ బ్రూక్స్ పాడగా, అది 1991లో కంట్రీ చార్టుల్లో మొదటి స్థానానికి ఎక్కింది. ఆల్‌మన్ బ్రదర్స్ రెండో గిటారిస్టు డికీ బెట్స్ 1988 నాటి సొంత ఆల్బమ్‌లో హేన్స్‌కు చోటిచ్చారు. మరుసటి ఏడాది పెద్ద బృందంలోకి పిలుపు వచ్చింది. అంటే ముప్ఫై ఏళ్లు నిండే నాటికి ఆయన ఇతరుల పాటలకు గిటార్, ఇతరుల గొంతులకు తోడు, ఇతరుల పేర్ల కింద తన మాటలు అన్నీ ఇచ్చేశారు. తన పేరు మీద మాత్రం ఏమీ లేదు.

'టేల్స్'లోని 11 పాటలు వింటే ఆ కరవు తీర్చుకోవాలన్న ఆత్రం తెలుస్తుంది. మొదటి పాట 'ఫైర్ ఇన్ ద కిచెన్'. అక్కడి నుంచే గిటార్ ధ్వని ఆల్‌మన్ బ్రదర్స్‌కన్నా ముతకగా, బరువుగా ఉంటుంది. 1970ల నాటి ఫ్రీ లాంటి బ్రిటిష్ బ్లూస్ రాక్ బృందాల ఛాయలు కనిపిస్తాయి. జంట గిటార్ల తియ్యటి స్వరమేళం కోసం ఎదురుచూసిన శ్రోతకు కాస్త నిరాశ తప్పదు. దాని బదులు కీబోర్డులు వినిపిస్తాయి. లెవెల్‌తోపాటు ఆల్‌మన్ బ్రదర్స్‌లో కొంతకాలం వాయించిన జానీ నీల్, ఫంక్ సంగీతంలో పెద్ద పేరైన బెర్నీ వొరెల్ వాటిని వాయించారు. వాటన్నిటికీ పైన ఉన్నది గొంతు. హేన్స్ గిటార్ పట్టక ముందే పాటగాడు. ఆల్‌మన్ బ్రదర్స్‌లో ప్రధాన గళం గ్రెగ్‌ది కాబట్టి ఆ సంగతి చాలా మందికి పట్టలేదు. ఇక్కడ ఆ బొంగురు గొంతే కథ నడిపిస్తుంది. 'బ్లూ రేడియో', 'సిస్టర్ జస్టిస్' లాంటి పాటల్లో గిటార్ ఆ గొంతుకు జవాబు చెబుతుందే తప్ప దాన్ని తోసుకుని ముందుకు రాదు. బ్లూస్‌లో పాడటానికీ వాయించడానికీ మధ్య ఉన్న పాత ఒప్పందం అదే.

స్లైడ్ విషయంలోనూ ఆయన ఎంచుకున్న దారి గమనించదగ్గది. డ్యుయేన్ స్లైడ్ వాయించేటప్పుడు చాలా వరకు తీగలను ఓపెన్ ఇ అనే శ్రుతిలోకి మార్చుకునేవారు. తీగలన్నీ కలిపి మీటితే ఒకే కార్డ్ పలికే అమరిక అది. హేన్స్ సాధారణ శ్రుతిలోనే స్లైడ్ వాయిస్తారు. ఆ పద్ధతిలో పక్క తీగ పొరపాటున మోగితే అపస్వరమే. చెయ్యి మరింత జాగ్రత్తగా ఉండాలి. కానీ పాత రికార్డుల్లోని పదబంధాలు వేళ్ల కిందికి వాటంతటవే వచ్చిపడవు. కొత్త మాట వెతుక్కోక తప్పదు. మరొకరి చోట నిలబడ్డ వాడికి ఇంతకన్నా నిజాయితీ గల దారి లేదేమో.

ఆల్బమ్ అమ్మకాల రికార్డులేవీ బద్దలు కాలేదు. పైగా అదే 1993లో ఓ చిత్రం జరిగింది. తర్వాతి కాలంలో హేన్స్ పేరు చెప్పగానే గుర్తొచ్చే పాట 'సోల్‌షైన్' ఆయన సొంత ఆల్బమ్‌లో లేదు. దాన్ని ముందుగా రికార్డు చేసింది నల్లజాతి బ్లూస్ గిటారిస్టు లారీ మెక్‌క్రే, ఆ ఏడాదే వచ్చిన తన 'డెల్టా హరికేన్'లో. 1994లో ఆల్‌మన్ బ్రదర్స్ ఆల్బమ్‌లో గ్రెగ్ పాడారు. హేన్స్ ఆ పాటను దాచుకుని ఉంటే 'టేల్స్' తలరాత మారేదా అన్న ఊహకు జవాబు లేదు. కానీ దక్షిణాది శ్వేతజాతి సంగీతకారుడు రాసిన పాట ముందుగా ఓ నల్లజాతి బ్లూస్ కళాకారుడి గొంతులో లోకానికి చేరింది. మెక్‌టెల్ నుంచి ఆల్‌మన్ బ్రదర్స్‌కు వచ్చిన దారిలో ఒక పాట ఎదురు నడిచింది. అప్పు తీరిపోయిందని కాదు, అప్పు ఉన్నదన్న ఎరుక మాత్రం అందులో కనిపిస్తుంది.

సోలో ఆల్బమ్ ప్రస్తావన వస్తే డ్యుయేన్ కథ కూడా చెప్పుకోవాలి. 1969 ఆరంభంలో ఆయన అలబామాలోని మజిల్ షోల్స్‌లో స్టూడియో గిటారిస్టు. విల్సన్ పికెట్ లాంటి గాయకుల వెనుక వాయిస్తున్న ఆ కుర్రాడితో సొంత ఆల్బమ్ చేయించాలని ప్రయత్నం జరిగింది. కొన్ని పాటలు రికార్డయ్యాయి. స్వయంగా పాడారు కూడా. మధ్యలోనే వదిలేసి ఫ్లోరిడా వెళ్లి బృందాన్ని కూడగట్టారు. పాడటానికి లాస్ ఏంజెలిస్ నుంచి తమ్ముణ్ని రప్పించుకున్నారు. ఆ పాటల్లో ఒకటి ఆయన మరణానంతరం 1972లో వచ్చిన సంకలనంలో చోటు చేసుకుంది. ఒంటరిగా నిలబడే అవకాశం చేతికందాక ఆయన కోరుకున్నది పక్కన మరికొందరిని.

హేన్స్ తన ఆల్బమ్‌ను పూర్తి చేశారు. అయినా చేరింది అక్కడికే. మరుసటి ఏడాది, 1994లో, ఆల్‌మన్ బ్రదర్స్ బాస్ గిటారిస్టు అలెన్ వూడీ, డ్రమ్మర్ మ్యాట్ ఆబ్ట్స్‌తో కలసి గవర్నమెంట్ మ్యూల్ అనే ముగ్గురు సభ్యుల బృందాన్ని మొదలుపెట్టారు. రెండో సోలో స్టూడియో ఆల్బమ్ 'మ్యాన్ ఇన్ మోషన్' 2011లో గానీ రాలేదు. 18 ఏళ్ల ఎడం. సొంత గొంతు ఏదో తేల్చుకోవడానికి ఒక్కసారి ఒంటరిగా పాడితే చాలు, ఆ తర్వాత దానితో నలుగురిలో కలవవచ్చు అన్నట్టుగా సాగింది ఆయన ప్రయాణం. 2003లో రోలింగ్ స్టోన్ పత్రిక వంద మంది మేటి గిటారిస్టుల జాబితా వేస్తే డ్యుయేన్‌కు రెండో స్థానం, హేన్స్‌కు 23వ స్థానం దక్కాయి. ఇద్దరి పేర్లూ వేర్వేరుగా.

2000 ఆగస్టులో అలెన్ వూడీ మరణించారు. ఈసారి ఖాళీ చోటు హేన్స్ పక్కనే ఏర్పడింది. దాన్ని ఆయన ఎవరో ఒకరితో నింపేయలేదు. 2001, 2002ల్లో వచ్చిన 'ద డీప్ ఎండ్' రెండు భాగాల కోసం జాక్ బ్రూస్, జాన్ ఎంట్‌విసల్, బూట్సీ కాలిన్స్ సహా ఎందరో బాస్ వాద్యకారులను పిలిచి పాటలు పంచారు. పోయినవాడిలాగా వాయించాలన్న భారం ఏ ఒక్కరి మీదా పడలేదు. ఆ భారం తెలిసినవాడికే అలాంటి ఉపాయం తడుతుంది.

ఆ రోజుల్లోనే ఆయన ఆల్‌మన్ బ్రదర్స్‌కు తిరిగొచ్చారు. అప్పటికే అక్కడ డెరెక్ ట్రక్స్ అనే యువ స్లైడ్ గిటారిస్టు ఉన్నాడు. డ్యుయేన్ పోయిన ఎనిమిదేళ్లకు పుట్టిన ఆ కుర్రాడు సరోద్ విద్వాంసుడు అలీ అక్బర్ ఖాన్ సంగీతానికి అభిమాని. బ్లూస్ తీగ మీద హిందుస్తానీ మీండ్‌లు వెతికినవాడు. ఒకే చోటుకు ఇద్దరు వారసులు, ఇద్దరివీ రెండు వేర్వేరు గొంతులు.

2014 అక్టోబర్ 28న న్యూయార్క్ బీకన్ థియేటర్‌లో ఆల్‌మన్ బ్రదర్స్ ఆఖరి కచేరీ జరిగింది. అది అర్ధరాత్రి దాటి 29లోకి, అంటే డ్యుయేన్ 43వ వర్ధంతిలోకి సాగింది. చివరగా వాయించింది తమ హిట్ పాట కాదు. 1969లో అందరూ తొలిసారి కలసి కూర్చున్నప్పుడు వాయించిన మడ్డీ వాటర్స్ బ్లూస్ పాట 'ట్రబుల్ నో మోర్'. వేదిక మీద హేన్స్ ఉన్నారు, 25 ఏళ్ల క్రితం తనకిచ్చిన చోటనే.