కడపకు బ్యాటరీ విమానం రాదా?

పోయిన ఎండాకాలం ఓ పొద్దున ఇంటి నుంచి ఫోన్. జేజి పోయింది. నేనేమో బెంగళూరులో. ఆరోజు కడపకు ఫ్లైట్ లేదు. బస్సెక్కి మదనపల్లె, రాయచోటి మీదుగా కడప చేరి, అక్కడి నుంచి మైదుకూరు దాటి మా ఊరికి వెళ్లేసరికి సాయంత్రమైంది. అప్పటికే అంతా అయిపోయింది. "ఎండకు ఎక్కువసేపు ఉంచలేకపోయినాం అబ్బీ" అన్నాడు నాయన. నేనేం మాట్లాడలేదు.

పదకొండో రోజు నాయన తన స్కూటర్‌కు ఛార్జింగ్ పెడుతూ అడిగాడు: "ఇది కరెంటుతో నడుస్తాంది గదా, ఇట్లాంటి విమానం కడపకు రాదా?"

ఇంజినీరింగ్ చదివిన కొడుకును కదా, ఆ రాత్రి ఫోన్‌లోనే లెక్క వేశా.

బెంగళూరు నుంచి కడపకు గాల్లో సుమారు 185 కిలోమీటర్లే. కడపకు వచ్చే ఏటీఆర్ 72 రకం విమానానికి ఆ దూరానికి ఉజ్జాయింపుగా 400 కిలోల ఇంధనం చాలు. కిలో విమాన ఇంధనంలో సుమారు 12,000 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. కిలో బ్యాటరీ ప్యాక్‌లో ఉండేది 200 లోపే! ఇంజిన్ ఆ శక్తిలో మూడో వంతు కూడా వాడుకోలేదు, మోటారు 90 శాతం దాకా వాడుకుంటుంది. ఆ లాభం కలుపుకున్నా 400 కిలోల ఇంధనానికి బదులు 8 టన్నుల బ్యాటరీ కావాలి. ఆ విమానం మోసే మనుషులు, లగేజీ మొత్తం కలిపితే ఏడున్నర టన్నులే. అంటే బ్యాటరీ ఎక్కితే మనం దిగిపోవాలి!

ఇంకో చిక్కుంది. ఇంధనం ఖర్చయ్యేకొద్దీ విమానం తేలికవుతుంది. బ్యాటరీ ఖాళీ అయినా అంతే బరువు. కడపలో దిగడం కుదరకపోతే తిరుపతికో ఇంకోచోటికో వెళ్లడానికి అదనపు ఛార్జ్ కూడా ఉండాలి. మన మే నెల ఎండల్లో గాలి పలచబడి రెక్కలకు పట్టు తగ్గుతుంది, బ్యాటరీని చల్లబరచడమూ కష్టమే.

మరి ఆశ లేదా? ఉంది, కాకపోతే చిన్న విమానాల్లో. పిపిస్ట్రెల్ వెలిస్ ఎలక్ట్రో అనే రెండు సీట్ల విమానానికి 2020 జూన్‌లోనే యూరప్‌లో అనుమతి వచ్చింది. అది దాదాపు 50 నిమిషాలు ఎగురుతుంది. తొమ్మిది సీట్ల 'ఆలిస్' 2022 సెప్టెంబర్‌లో అమెరికాలో 8 నిమిషాలు ఎగిరింది. స్వీడన్‌లో మొదలైన హార్ట్ ఏరోస్పేస్ 30 సీట్ల విమానానికి పెట్టుకున్న లక్ష్యం బ్యాటరీతో 200 కిలోమీటర్లు, ఇంధనం తోడైతే 400. మన 185 అందులోకి వస్తుంది!

నాకు చిత్రంగా అనిపించేది ఇదే. కర్నూలు విమానాశ్రయం ఉన్న ఓర్వకల్లు వైపే, గని, శకునాల ఊళ్ల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్క్ ఉంది. మనల్ని మాడ్చే ఎండే అక్కడ కరెంటవుతోంది. కరెంటుకు కొదవ లేదు, దాన్ని తక్కువ బరువులో మోసే డబ్బానే ఇంకా రాలేదు.

తెల్లారి ఇదంతా నాయనకు చెప్పా. ఓపిగ్గా విన్నాడు. "సరేలే అబ్బీ, వచ్చేటప్పుడు వస్తాది. అంతదాకా నెలకోసారి బస్సుకే రా" అన్నాడు.

ఆ లెక్కకు మాత్రం బ్యాటరీతో పనిలేదు. ఈ శుక్రవారం రాత్రి బస్సుకు టికెట్ బుక్ చేశా.